సున్నా మార్కులా, నింపని గడా: పీహెచ్‌పీలో తేడా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: మా పాఠశాల కోసం వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో మార్కుల నమోదు ఫారం తయారు చేస్తున్నాను. గడి నింపారా లేదా అని ‘ఎంప్టీ’ (empty)తో పరీక్షిస్తే, ఉపాధ్యాయులు 0 వేసినప్పుడు కూడా ‘మార్కులు నింపండి’ అనే సందేశం వస్తోంది. ‘ఇజ్‌సెట్’ (isset)కు మారిస్తే ఖాళీగా వదిలిన గడి కూడా ఆమోదం పొందుతోంది. ఏది వాడమంటారు?

జవాబు: ఈ పనికి రెండూ సరిపోవండి. ఒక వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) అసలు లేకపోయినా, ఉండి దాని విలువ అసత్యంగా లెక్కకు వచ్చినా ఎంప్టీ ‘అవును, ఖాళీ’ అనే చెబుతుంది. నల్ (విలువ లేదనే గుర్తు), ఫాల్స్ (అసత్యం), ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరుస), ఖాళీ అర్రే (విలువల జాబితా)లతో పాటు 0 అనే సంఖ్యనూ, "0" అనే స్ట్రింగ్‌నూ పీహెచ్‌పీ అసత్యంగానే లెక్కిస్తుంది. ఫారంలో టైపు చేసినది ఏదైనా స్ట్రింగ్‌గానే చేరుతుంది గనుక, ఉపాధ్యాయులు వేసిన సున్నా "0"గా వచ్చి నింపని గడితో కలిసిపోతోంది. అదే "0.0", "00", ఒక్క స్పేసు మాత్రమే ఉన్న స్ట్రింగ్ ఎంప్టీ లెక్కలో ఖాళీ కావు. అందువల్ల సున్నాకు అర్థం ఉన్న ఏ గడికీ ఎంప్టీ వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇజ్‌సెట్‌కు వేరియబుల్ ఉండి, దాని విలువ నల్ కాకపోతే చాలు. టెక్స్ట్ గడిని వదిలేసినా బ్రౌజర్ దాన్ని ఖాళీ స్ట్రింగ్‌గా పంపుతుంది కాబట్టి ఆ పరీక్ష నెగ్గిపోతుంది. టిక్ పెట్టని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు; అక్కడ ఇజ్‌సెట్ సరైనదే.

మీరు ముందుగా, పీహెచ్‌పీ 7.0తో వచ్చిన ?? గుర్తును వాడి, విలువ రాకపోతే ఖాళీ స్ట్రింగ్ తీసుకోండి. దాన్ని ‘ట్రిమ్’ (trim) చేసి, అంటే రెండు చివర్ల స్పేసులు తీసేసి, ఖాళీ స్ట్రింగ్‌తో === గుర్తుతో (విలువా, రకమూ రెండూ ఒకటేనా అని) పోల్చండి. ఆ పోలికలో "0" నిలబడుతుంది, స్పేసులు మాత్రమే ఉన్న గడి దొరికిపోతుంది. తరువాత అది పూర్ణాంకమేనా అని ‘ఫిల్టర్ వార్’ (filter_var)తో చూసేటప్పుడు ఫలితాన్ని నేరుగా ‘ఇఫ్’లో పెట్టకండి. సరైన సున్నాకు అది 0 ఇస్తుంది, తప్పు విలువకు ఫాల్స్ ఇస్తుంది; కనుక అక్కడా === ఫాల్స్ అనే పోల్చాలి.

పరీక్షకు రాని విద్యార్థికి డేటాబేస్‌లో 0 కాక నల్ రాయండి. డేటాబేస్ భాష అయిన ఎస్‌క్యూఎల్ సగటు లెక్కించేటప్పుడు నల్‌ను వదిలేస్తుంది, సున్నాను మాత్రం కలుపుకుంటుంది. ఆ వరుసను మళ్లీ చదివేటప్పుడు ఇజ్‌సెట్ వాడితే నల్ ఉన్న కాలమ్ అసలు లేనట్టే కనిపిస్తుంది కాబట్టి, కాలమ్ ఉందో లేదో ‘అర్రే కీ ఎగ్జిస్ట్స్’ (array_key_exists)తోనూ, విలువ నల్ అవునో కాదో === నల్‌తోనూ విడివిడిగా చూసుకోండి. ఆ నల్‌ను అలాగే ట్రిమ్ వంటి ఫంక్షన్‌కు అందిస్తే పీహెచ్‌పీ 8.1 నుంచి హెచ్చరిక వస్తుంది.