సందేహాలు – సమాధానాలు: భూమండలం భూగోళమేనా?

సందేహం: మా మిత్రుల మధ్య ఒక వాదం నడుస్తున్నది. బైబిలులో యెషయా గ్రంథం 40వ అధ్యాయం 22వ వచనంలో "ఆయన భూమండలముమీద ఆసీనుడై యున్నాడు" అని ఉన్నది. మండలం అంటే గోళమే కనుక, భూమి బంతివలె ఉన్నదన్న సంగతి బైబిలులో వేల ఏండ్ల కిందటే చెప్పబడి ఉన్నదని నిరూపించబడింది అంటాడు ఒక మిత్రుడు. మండలానికి ఆ అర్థమే లేదంటాడు మరొకడు. భూమండలం, భూగోళం ఒకటేనా? "బైబిలు ఆధునిక విజ్ఞానాన్ని ముందే ఊహించింది" అనే వాక్యం సరైనదేనా? – ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుల తగవు తీర్చే ముందు "చెప్పబడి ఉన్నదని నిరూపించబడింది" అన్న మీ వాక్యంతో నాకొక తగవు ఉన్నది. ఎవరు చెప్పారు, ఎవరు నిరూపించారు అన్న కర్తలనిద్దరినీ ఈ రెండు 'బడు'లు కలిసి మింగివేశాయి. పత్రికల భాష పుణ్యమా అని 'బడు' లేనిదే మనవారికి వాక్యం గంభీరంగా తోచడం లేదు. ఇతర సందర్భాలలో దీనిని చూసీ చూడనట్లు పోనిచ్చేవాడినే కాని, మీ వివాదంలో తేలవలసినవి సరిగ్గా ఆ రెండు సంగతులే కనుక ఊరుకోలేకపోయాను.

ఇక మండలం. "బింబోఽస్త్రీ మండలం త్రిషు" అని అమరకోశం. చంద్రుని పేర్లు, కళలు చెప్పిన వెంటనే అమరసింహుడు ఈ మాటను ఎత్తుకున్నాడు. అంటే బింబమూ మండలమూ ఒకటే. ఆకాశంలో మన కంటికి కనబడే గుండ్రని బిళ్ళ. చంద్రుడు నిజానికి గోళమే అయినా, చంద్రమండలం అన్న కవి ఆ గోళత్వాన్ని కనిపెట్టి అనలేదు. కంటికి కనబడిన వలయాన్ని చూసి అన్నాడు. మాట ముందు వలయాన్ని చెప్పి, తరువాత ఆ వలయం చుట్టుకొన్న చోటునంతా చెప్పి, ఆ పైన చోటుతో పని లేకుండా గుంపునూ రాశినీ కూడా చెప్పసాగింది. ఋగ్వేదపు పది మండలాలు, దీక్షల నలభై రోజుల మండలం, పరిపాలనా విభాగమైన మండలం ఈ దారిన వచ్చినవే. వాటిని ఇంతటితో విడిచిపెడుతున్నాను.

విడిచిపెట్టలేనిది పోతన పద్యం. వామనుడు త్రివిక్రముడై పెరిగిన ఘట్టంలోని ఆ నాలుగు పాదాలు తెలియని తెలుగువారు ఉండరు కాని, అందులో మండలం ఎక్కడ కూర్చున్నదో గమనించినవారు తక్కువ.

ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దానింతై నభోవీథిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రునికంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుండగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

తోయమంటే నీరు, తోయదమంటే నీటినిచ్చేది, అంటే మేఘం. తోయదమండలాగ్రం మేఘాల గుంపు కొనకొమ్ము. మేఘాలకు వలయం లేదు, గోళం అంతకన్నా లేదు. అయినా పోతన మండలం అన్నాడు, అనడంలో తప్పు లేదు. 'ఇంతై', 'అంతై' అని ఒక్కొక్క మెట్టు ఎక్కుతున్న పద్యానికి అక్కడొక వెడల్పు కావాలి, ఆ వెడల్పును 'మండల' శబ్దం ఇచ్చింది. ఈ పద్యాన్ని మీ మిత్రుని పద్ధతిలో చదివితే ఏమవుతుందో చూడండి. మేఘాల తరువాత చంద్రుడు, చంద్రుని తరువాత ధ్రువుడు. దూరాల వరుస చక్కగా కుదిరింది కనుక పోతనకు ఖగోళశాస్త్రం తెలుసునని ఉత్సాహపడవచ్చు. కాని చంద్రునికి ముందున్న 'ప్రభారాశి'కి సూర్యుడని అర్థం చెప్పుకొంటే ఆ ఉత్సాహం అక్కడే చల్లారుతుంది. సూర్యునికి లక్ష యోజనాల పైన చంద్రుడు ఉన్నాడన్నది భాగవతం పంచమ స్కంధంలోని లెక్క. చంద్రుడు మనకు సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలోనూ, సూర్యుడు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉన్నారని ఇవాళ బడి పిల్లలకు తెలుసు. అంతమాత్రాన పద్యంలో ఒక్క అక్షరం కూడా చెడలేదు. కుదిరిన మెట్లను లెక్కలోకి తీసుకొని, కుదరని మెట్టును దాటవేసే చదువరి మాత్రమే చెడతాడు.

ఇప్పుడు యెషయా దగ్గరకు వద్దాం. అక్కడి హీబ్రూ మూలంలో ఉన్న మాట 'హూగ్'. అది వలయాన్ని, చుట్టుగీతను చెప్పే మాట. అదే ధాతువునుండి పుట్టిన పదం అదే గ్రంథం 44వ అధ్యాయం 13వ వచనంలో వడ్రంగి వృత్తం గీసే పనిముట్టుకు పేరుగా వచ్చింది. తెలుగు బైబిలు దానిని కర్కాటకము అన్నది. రెండు కాళ్ళ కర్కాటకాన్ని ఒక కాలుమీద నిలిపి, రెండవ కాలిని పలకమీద తిప్పితే వచ్చేది వృత్తమే. దానితో బంతిని గీయగలవాడు లేడు. సామెతల గ్రంథం 8వ అధ్యాయం 27వ వచనంలో మహాజలాలమీద సృష్టికర్త నిర్ణయించిన 'మండలము' కూడా ఈ హూగే. సముద్రం మధ్య నిలబడి నలువైపులా చూసినవానికి నీరూ ఆకాశమూ కలిసే గీత చుట్టూ వలయంగా కనబడుతుంది కదా, ఆ దిగంత రేఖ అన్నమాట. ప్రాచీన గ్రీకు అనువాదం 'గ్యూరోస్' అన్నది, లాటిను అనువాదం 'గీరుస్' అన్నది. రెండూ వలయాన్ని చెప్పేవే. బంతి అనదలచుకొంటే యెషయా గ్రంథానికి మాట కరవు కాలేదు. ఒక అధికారిని ఉండచుట్టి విశాలదేశంలోకి విసిరివేస్తానన్న చోట, 22వ అధ్యాయం 18వ వచనంలో, నేటి హీబ్రూ బంతికి వాడే మాటే ఉన్నది.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఆ వచనంలోనే ఉన్నది కాని, వాదించేవారు సగం దగ్గరే ఆగిపోతారు. భూమండలంమీద ఆసీనుడైనవానికి దాని నివాసులు మిడతలవలె కనబడుతున్నారు. ఆయన ఆకాశాన్ని తెర విప్పినట్లు విప్పి, గుడారం వేసినట్లు వేశాడు. గుడారం నేలమీద వేస్తారు. కింద గుండ్రని నేల, పైన కప్పిన గుడారం, అంత ఎత్తునుండి చూస్తే మిడతలంత మనుషులు: ఇది ఒక్క చూపులో ఇమిడిన పటం. ఇందులోనుండి మండలాన్ని మాత్రం పెరికి బంతిగా చేస్తే గుడారానికి మేకులు దిగే చోటు ఉండదు. అక్కడ ఆకాశానికి వాడిన 'వ్యాపింపజేసెను' అన్న క్రియను పట్టుకొని, 1929లో ఎడ్విన్ హబుల్ పరిశీలనలు సూచించిన విశ్వవ్యాకోచం, అంటే విశ్వం విస్తరిస్తూ పోవడం, ఇందులోనే ఉన్నదనేవారు కూడా ఉన్నారు. ఆ క్రియ గుడారపు గుడ్డను లాగి పరచడానికి వాడేది.

తెలుగు బైబిలు మాటనుబట్టి ఈ వాదం ఎందుకు నిలవదో యోబు గ్రంథం ఇంకా బాగా చూపుతుంది. 26వ అధ్యాయం 7వ వచనంలో "శూన్యమండలముపైని" ఆకాశ విశాలాన్ని పరచినట్లు తెలుగులో ఉన్నది. హీబ్రూలో ఈ చోట హూగ్ లేదు, వలయం వాసన కూడా లేదు. వట్టి శూన్యాన్ని చెప్పే 'తోహూ' ఉన్నది. మన అనువాదకులు తెలుగు చెవికి ఇంపుగా, తోయదాలకు పోతన ఇచ్చినట్లే, శూన్యానికి కూడా ఒక మండలాన్ని ఇచ్చారు. నాకు ఆ కూర్పు నచ్చింది. అయితే మండలమంటే గోళమేనని పట్టుబట్టే మీ మిత్రుడు శూన్యం కూడా బంతివలె ఉన్నదని ఒప్పుకోవలసి వస్తుంది.

ఆ వచనపు రెండవ సగం మాత్రం నన్ను కూడా ఆపుతుంది. అక్కడ భూమిని శూన్యంమీద వ్రేలాడదీశాడని ఉన్నది. 'బెలీమా' అన్న ఆ హీబ్రూ మాట 'ఏమీ లేనిది' అన్నట్టు కూడినది; బైబిలు మొత్తంలో అది మరెక్కడా కనబడదు. ఏ ఆధారమూ లేకుండా భూమి వ్రేలాడుతున్నదన్న ఆ ఊహకు చేతులు జోడించవలసిందే. కాని అదే గ్రంథం 9వ అధ్యాయం భూమికి స్తంభాలున్నాయంటుంది, 38వ అధ్యాయం పునాదులూ మూలరాయీ ఉన్నాయంటుంది. కవి ఒకచోట నిరాధారతను చూసి, మరొకచోట దృఢత్వాన్ని చూసి విస్మయపడ్డాడు. రెండు చోట్లా నిజంగానే విస్మయపడ్డాడు. భూమి కదలకుండునట్లు పునాదులమీద నిలిపాడన్న 104వ కీర్తనలోని వచనాన్ని అక్షరార్థంగా పట్టుకొని, భూమి తిరుగుతున్నదన్నవారిని ఒకప్పుడు తప్పుపట్టారు. 1633లో గెలీలియోను విచారించి శిక్షించిన నేపథ్యంలో అటువంటి వచనాలే ఉన్నాయి. అప్పుడు విజ్ఞానాన్ని కాదనడానికి చేసిన అక్షరార్థమే ఇప్పుడు విజ్ఞానాన్ని ముందే చెప్పిందనడానికి కూడా చేస్తున్నారు. చదివే పద్ధతి మాత్రం మారలేదు.

ఆదికాండం మొదటి అధ్యాయంలో జలాల నడుమ ఏర్పడిన దానిని తెలుగు బైబిలు 'విశాలము' అన్నది. అంతరిక్షపు విస్తీర్ణం ఈ మాటలో ఉన్నదని సంబరపడేవారు మూలాన్ని ఒకసారి తట్టి చూడాలి. అక్కడి 'రాకీయ' అన్న పదం లోహాన్ని సుత్తితో కొట్టి రేకుగా సాగదీయడాన్ని చెప్పే ధాతువునుండి వచ్చింది. నిర్గమకాండంలో బంగారాన్ని రేకులుగా కొట్టిన చోట ఆ క్రియే ఉన్నది. గ్రీకు, లాటిను అనువాదాలు రెండూ గట్టిదనాన్ని చెప్పే మాటలే వేశాయి. తెలుగువారు గట్టిదనాన్ని వదలి సాగిన వెడల్పును ఉంచుకొన్నారు. తప్పు అనను, ధాతువులో రెండూ ఉన్నాయి. కాని ఆ విశాలం తెలుగు అనువాదకుడు ఏరుకొన్నది. నదులు తాము బయలుదేరిన చోటికే మరల పోతాయన్న ప్రసంగి గ్రంథపు మాట, దేహానికి రక్తం ప్రాణమన్న లేవీయకాండం మాట శ్రద్ధగా లోకాన్ని చూసినవారి మాటలు. వాటిలో ఆవిరి సంగతీ, 1628లో విలియం హార్వే వివరించిన రక్తప్రసరణ సంగతీ వెదకనక్కరలేదు.

ఒక్క మతంవారికే ఈ అలవాటు ఉన్నదని ఎవరూ అనుకోకూడదు. ఋగ్వేదంలోని సూర్యసూక్తానికి సాయణుడు రాసిన భాష్యంలో సూర్యుడు అరనిమిషానికి (ఇక్కడ నిమిషమంటే రెప్పపాటు) 2,202 యోజనాలు పోతాడన్న లెక్క ఉన్నది. యోజనానికీ నిమిషానికీ ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క కొలత ఉండడంవల్ల, కావలసిన కొలతలు ఏరుకొని దానిని కాంతివేగంగా తేల్చేవారు మనలోనే ఉన్నారు. శాస్త్రజ్ఞుడు భూమి ఆకారాన్ని చెప్పదలచుకొన్నప్పుడు ఎట్లా చెబుతాడో చూడాలంటే 499 నాటి ఆర్యభటీయం చూడండి. "భూగోళః సర్వతో వృత్తః" అన్నాడు ఆర్యభటుడు. భూగోళం అన్నా చాలదనుకొని, 'అన్ని వైపులా గుండ్రం' అని బిగించి, ఆ పైన కడిమిపూవు బొడిపె చుట్టూ కేసరాలు కమ్ముకొన్నట్లు ప్రాణులు భూమి చుట్టూ ఉన్నాయని పోలిక కూడా ఇచ్చాడు. అపార్థానికి సందు లేకుండా తలుపులన్నీ మూసే ఈ మాటతీరే విజ్ఞానపు మాటతీరు. మనమేమో నాణేన్నీ గుండ్రమంటాము, నిమ్మకాయనూ గుండ్రమంటాము, భూమినీ గుండ్రమనే పాఠాలు చెబుతాము. బిళ్ళకూ బంతికీ భేదం చెరిపివేసే ఈ అశ్రద్ధలోనే మీ మిత్రుల తగవు మొలకెత్తింది.

కనుక మొదటి ప్రశ్నకు నా మాట ఇది: లోకమంతటినీ ఉద్దేశించేటప్పుడు భూమండలం అనండి, ఆకారం చెప్పవలసినప్పుడు భూగోళం అనండి. వాడుకలో రెండూ కలిసిపోయిన మాట నిజమే కనుక, ఒకదానికి బదులు మరొకటి రాసినవారిని దండించమని చెప్పలేను.

రెండవ ప్రశ్న ఇంత సులువుగా తెగదు. 'విజ్ఞానం' అన్నారు, సంతోషం. 'శాస్త్రం' అని ఉంటే ఇంకా చిక్కుపడేవారు. శాసించేది శాస్త్రమని పాత అర్థం, పరీక్షకు నిలిచేది శాస్త్రమని కొత్త అర్థం. తెలుగు బైబిలులోని 'శాస్త్రులు' ధర్మశాస్త్రాన్ని బోధించేవారు, వారికీ నేటి శాస్త్రజ్ఞులకూ ఆ రెండక్షరాల పోలిక తప్ప చుట్టరికం లేదు. ఇక 'ముందే ఊహించింది' అన్న క్రియ. లోకవాడుకలో ఊహించడం మనసులో అంచనా కట్టడం; ఆ అర్థంలో ఊహ గ్రంథకర్తది కావాలి, ఆయన అట్లా అంచనా కట్టాడని చూపగల ఆధారం ఉండాలి. యెషయా వచనానికి ఆ ఆధారం నాకు కనబడలేదు. యోబు వచనం విషయంలో పట్టుబట్టి కాదనను. యెషయా మాటను గురించి "ఈ వచనం నేటి చదువరికి భూమి ఆకారాన్ని స్ఫురింపజేస్తున్నది" అని రాస్తే నాకు అభ్యంతరం లేదు.

అయితే మీ వాక్యాన్ని మరొక విధంగా సమర్థించవచ్చునేమో. వేదవాక్యాలకూ యాగవిధులకూ అర్థం నిర్ణయించే మీమాంసకులకు ఊహ ఒక పారిభాషిక పదం. ఒక యాగానికి చెప్పిన మంత్రాన్ని మరొక యాగంలో వాడవలసి వచ్చినప్పుడు, అక్కడి దేవతకు తగినట్లు మాటను మార్చుకోవడమే ఊహ; "అగ్నయే జుష్టం" అన్నచోట "సూర్యాయ జుష్టం" అని చదువుకోవడం దీనికి వారు చూపే ఉదాహరణ. వ్యాకరణం చదవడానికి ప్రయోజనాలు చెబుతూ పతంజలి కూడా ఈ ఊహను లెక్కించాడు. వలయమని ఉన్నచోట గోళమనీ, గుడారమని ఉన్నచోట విశ్వవ్యాకోచమనీ చదువుకొనేవారు చేస్తున్నది ఈ ఊహే. ఆ అర్థంలో మీ క్రియ చక్కగా సరిపోయింది, కర్తను మాత్రం మార్చాలి. ఊహించినది బైబిలు కాదు, మీ మిత్రుడు.