తమ్ముడికి ఇష్టం లేకపోయినా తాగుడు మాన్పించే వైద్యానికి చేర్పించవచ్చా?

మీ తమ్ముడు ససేమిరా అంటున్నా డీ-అడిక్షన్‌కి చేర్పించడానికి చట్టం ఒప్పుకుంటుందా అని అడిగారు. కొన్ని పరిస్థితుల్లో ఒప్పుకుంటుంది. మా అన్నయ్యను మేం రెండుసార్లు అలా చేర్పించాం. మొదటిసారి చేసింది తప్పు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎవరో చెబితే ఒక సెంటర్‌కి ఫోన్ చేశాం. రాత్రిపూట నలుగురు వ్యాన్‌లో వచ్చి, నిద్రపోతున్న మనిషిని చేతులు కట్టి తీసుకుపోయారు. అమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. మూడు నెలలు చూడనివ్వలేదు. అక్కడ డాక్టరే లేడని, రెండో రోజు అన్నయ్యకు ఫిట్స్ వచ్చాయని తర్వాత తెలిసింది. రోజూ బాగా తాగేవాళ్లకు ఒక్కసారిగా మందు ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పవచ్చు. ప్రాణాలు పోయే ప్రమాదం అది. ఇంటికొచ్చిన వారానికే మళ్లీ సీసా పట్టాడు. అమ్మతో రెండేళ్లు మాట్లాడలేదు. ఆ రెండేళ్లే నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

మన దేశంలో దీనికి దారి చూపేది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా అది మానసిక అనారోగ్యం కిందే చూస్తుంది. 89వ సెక్షన్ ప్రకారం ఒక సైకియాట్రిస్టు, మరో డాక్టరు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు చేరే రోజునో, అంతకుముందు ఏడు రోజుల్లోనో విడివిడిగా పరీక్షించాలి. ఈమధ్య తనకు హాని చేసుకోబోయాడా, ఇతరుల మీద పడ్డాడా, ప్రమాదంలో పడేంతగా తన బాగోగులు చూసుకోలేకపోతున్నాడా అన్నవి చూస్తారు. వైద్యం గురించి సొంతంగా నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నాడని కూడా తేలాలి. తాగి డబ్బు తగలేస్తున్నాడు, పరువు తీస్తున్నాడు అంటే చాలదు. దరఖాస్తు అతని తరఫు ప్రతినిధి పెట్టాలి, ఆ ప్రతినిధినే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు. రోగి ఎవర్నీ రాసివ్వకపోతే బంధువులు ఆ బాధ్యత తీసుకోవచ్చు. ఇలా ఆసుపత్రిలో ఉంచే గడువు గరిష్ఠంగా 30 రోజులు. ఇలాంటి చేరికల్ని పరిశీలించే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు ఆసుపత్రి తెలియజేయాలి, రోగి అక్కడ అభ్యంతరం చెప్పుకోవచ్చు. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం.

రెండోసారి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు వదినను అడిగిన మొదటి ప్రశ్న, "ఈ వారంలో ఏం జరిగిందమ్మా?" అని. ఆవిడ క్యాలెండర్ వెనక తేదీలతో సహా రాసిపెట్టుకుంది: మెట్ల మీద పడిపోయిన రోజు, అన్నం ముట్టని నాలుగు రోజులు, కత్తి తీసిన రాత్రి. ఆ కాగితమే పని చేసింది. మీరూ ఇవాళే రాయడం మొదలుపెట్టండి.

మత్తు దిగి, వణుకు తగ్గాక, ఇరవయ్యో రోజు ప్రాంతంలో అన్నయ్య తనే ఉంటానన్నాడు. అప్పుడు స్వచ్ఛందంగా చేరినట్టు కాగితాలు మార్చారు. ఎప్పుడైనా వెళ్లిపోవచ్చని డాక్టరు చెప్పారు. వెళ్లలేదు. ఇంటికొచ్చాక ఒకసారి జారి మళ్లీ తాగాడు, కానీ తనంతట తనే ఓపీకి వెళ్లాడు.

మీ తమ్ముడు తాగని ఏ పొద్దుటి పూటో ఒక్కసారి నెమ్మదిగా అడిగి చూడండి. ఒప్పుకుంటే ఈ 89 గొడవే ఉండదు. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ అది, ఉచితం. వ్యాన్ పంపిస్తామనే వాళ్లకు మాత్రం చేయకండి.