రిజిస్టరులో లేని రోగిని వెతకమ్మా

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఆరోగ్య సమాచారం సేకరించే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. డయాలసిస్ కేంద్రం ఎక్కడ పెట్టాలి, ఏ ఆసుపత్రికి పడకలు పెంచాలి, ఏ మండలానికి ముందుగా నిధులివ్వాలి అన్నది నువ్విచ్చే పట్టికలను బట్టి తేలుస్తారట. గణాంక విభాగంలో తల నెరిసినవాణ్ని కాబట్టి, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

ఆసుపత్రి రిజిస్టరు చెప్పేది ఆ గడప తొక్కినవాళ్ల సంగతే. తొక్కనివాళ్ల ఊసు అందులో ఉండదు. రాయదుర్గం, గుంతకల్లు వైపు వాళ్లు బళ్లారి వెళ్తారు. మడకశిరకు మూడు వైపులా కర్ణాటకే. హిందూపురంలో గుండెనొప్పి వచ్చినవాడికి బెంగళూరు గుర్తొస్తుంది గానీ అనంతపురం కాదు. కడప, రాజంపేట వాళ్లు తిరుపతికో వేలూరుకో బయల్దేరతారు. మరోవైపు కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో నిలబడి చూడు, గద్వాల నుంచీ రాయచూరు నుంచీ వచ్చినవాళ్లు ఎందరో కనిపిస్తారు. ఈ రిజిస్టర్లనే నమ్ముకుంటే కర్నూలులో రోగాలు పొంగిపొర్లుతున్నట్టూ, మడకశిరలో అందరూ రాయిలా ఉన్నట్టూ తేలుతుంది. ఆ పట్టిక చూసిన పై అధికారి పడకలు ఉన్నచోటే ఇంకో యాభై వేయిస్తాడు. అందుకని వైద్యం ఎక్కడ జరిగిందో ఒక గడిలో, రోగి కాపురం ఎక్కడో పక్క గడిలో రాయించు. రెండో గడి లేని సమాచారాన్ని ఎవరిచ్చినా పక్కన పెట్టు.

ఆరోగ్యశ్రీ లెక్కలున్నాయి కదా అంటావు. ఆ పథకం 2007లో తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురమూ ఒకటి. పాత లెక్కలు దొరుకుతాయి, వాడుకో. కాకపోతే జాబితాలో ఉన్న చికిత్సలు, అనుమతి ఉన్న ఆసుపత్రులు, అంతే అందులో కనిపించేది. పుస్తెలు తాకట్టు పెట్టి బిల్లు కట్టినవాళ్లు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదిమందు వేయించుకుని సరిపెట్టుకున్నవాళ్లు అందులో ఉండరు. వాళ్ల కోసం ఇళ్లకు వెళ్లక తప్పదు.

జనాభా విషయంలో జాగ్రత్త. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి అనంతపురం 40.8 లక్షలు. 2021లో జరగాల్సిన లెక్కింపు ఆ ఏడాది జరగలేదు. ఈలోగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలే విడిపోయాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత అంకెలు పాత పదమూడు జిల్లాలవి. వాటిని తెచ్చి ఇటు అనంతపురానికీ అటు శ్రీ సత్యసాయి జిల్లాకూ అతికించి పోల్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నువ్వు మండలాన్ని ప్రమాణంగా పెట్టుకో. జిల్లాలు ఎటు మారినా మండలాలు చాలావరకు అలాగే ఉన్నాయి.

కాన్పుల లెక్కలోనూ ఇలాంటి చిక్కే. మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. గర్భిణిగా అత్తగారి ఊళ్లో నమోదవుతుంది, కాన్పు ఇంకో మండలంలో జరుగుతుంది. ఒకే కాన్పు రెండుసార్లు లెక్కకు రావచ్చు, ఒక్కోసారి ఎక్కడా రాకపోవచ్చు. తల్లి నమోదు సంఖ్యతో సరిపోల్చుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

రిజిస్టరు చేతికి వచ్చినప్పుడు కింద వేసిన మొత్తం చూడొద్దు. ఒక పేజీ తీసి గడి మీద వేలు పెట్టుకుని కిందికి చదువు. బీపీ గడిలో వరసగా 120/80, 120/80 అని ఉంటుంది. పుట్టిన పిల్లల బరువు గడిలో రెండున్నర కిలోలు, మళ్లీ రెండున్నర. అంతకు తగ్గితే తక్కువ బరువు బిడ్డ అని రాయాలి, పైనుంచి ప్రశ్నలు వస్తాయి. అలాంటి పేజీ కనబడితే ముందు అడగాల్సింది కాటా ఉందా, పనిచేస్తోందా అని. ఊళ్లలో తిరిగే నర్సును, ఏఎన్ఎంను మాత్రం గద్దించకు. ఒకే సంగతిని రిజిస్టరులో ఒకసారి, ట్యాబులో ఒకసారి రాసి, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే మనిషి ఆమె.

సున్నాకూ ఖాళీకీ తేడా రాయించు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు రోగులు హఠాత్తుగా తగ్గారంటే రోగం తగ్గిందని సంబరపడకు. పరీక్ష చేసే స్ట్రిప్పులు అయిపోయి ఉంటాయి. మాత్రల స్టాకు రిజిస్టరు పక్కన పెట్టుకుని చదివితే రోగుల లెక్క ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో సగం తెలిసిపోతుంది.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాళ్ల పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్ల దగ్గు గురించి వేరే చెప్పాలి. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ పైకి టీబీలాగే కనిపిస్తుంది. ఆ పొడి పీల్చినవాళ్లకు టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది. చేసే పని ఏమిటో రాసుకోకపోతే అన్నీ టీబీ ఖాతాలోకే పోతాయి. అప్పుడు మందులకు డబ్బు వస్తుంది గానీ, దుమ్ము అణచే నీటి గొట్టాలకు రాదు. వృత్తి అనే గడి లేకుండా నీ ఫారం అచ్చు వేయించకు.

ఇళ్లలో అడిగేటప్పుడు, ఆసుపత్రిలో చేరిన సంగతైతే ఏడాది వెనక్కు అడుగు, మామూలు జ్వరాలైతే పదిహేను రోజులు చాలు. జాతీయ నమూనా సర్వేవాళ్ల పద్ధతీ అదే. తేదీలు ఎవరికీ గుర్తుండవు, పండుగ చెప్పి అడగాలి. పీర్ల పండుగను మాత్రం కొలతగా పెట్టుకోకు, అది ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. ఖర్చెంత అంటే ఆసుపత్రి బిల్లే చెబుతారు. కారు బాడుగ, తోడు వెళ్లినవాడి కూలి, అప్పుకు వడ్డీ విడివిడిగా అడుగు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు వెళ్లిరావాలి. కిలోమీటర్లు కాదు, సాయంత్రం తిరుగు బస్సు ఎన్నింటికో రాసుకో.

చిన్న ఊరి పట్టికలో ఒకరిద్దరు రోగులే ఉంటే ఆ అంకె బయటపెట్టకు. పేరు రాయకపోయినా ఊరంతా పోల్చుకుంటుంది. పై వాళ్లకు పంపే ముందు ఆ మండలం ఆశా కార్యకర్తలకు అంకెలు చదివి వినిపించు. ఎక్కడ తప్పు పడిందో వాళ్ల ముఖాలే చెబుతాయి.

కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెలకు ఇప్పుడే వెళ్లకు. మిరప కోతలకని గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, వెళ్లిపోయి ఉంటారు. తాళాలు వేసిన ఇళ్లు, ముసలివాళ్లు, వాళ్లకు వదిలిపెట్టిన పిల్లలు తప్ప ఎవరూ దొరకరు. ఉగాదికి చాలామంది ఊరికి వస్తారు. ఆ వారం నీ మనుషులకు సెలవివ్వకుండా ఆ మండలాలు పూర్తిచేయించు. పండుగ పూట పనేమిటని వాళ్లు సణుగుతారు, భత్యం కాస్త ఎక్కువిప్పించు.

ఇట్లు,
మీ పెదనాన్న