చేరినవారి జాబితాతో మొదలుపెట్టండి

చిత్తూరులోని మీ డిగ్రీ కళాశాలలో ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులను పరిశోధన వైపు, అధ్యాపక వృత్తి వైపు పంపడానికి మూడేళ్లుగా ఒక కార్యక్రమం నడుస్తోందని, అది పనిచేస్తోందో లేదో తేల్చే బాధ్యత మీమీద పడిందని రాశారు. ఇలాంటి కార్యక్రమంలో నేను ఒకప్పుడు విద్యార్థిగా కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత, మరో కార్యక్రమాన్ని పరిశీలించిన ముగ్గురిలో ఒకడిగా కూర్చున్నాను. రెండూ తిరుపతిలోనే.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదట. ఎంఏ అర్థశాస్త్రం రెండో ఏడాదిలో అలాంటి కార్యక్రమం కింద నెట్ శిక్షణలో చేరాను; నెట్ అంటే కళాశాల అధ్యాపకులు కావడానికి అర్హత ఇచ్చే జాతీయ పరీక్ష. మా బ్యాచ్‌లో 42 మందిమి. ఏడాది చివర వచ్చిన నివేదికలో నెట్ గట్టెక్కిన ముగ్గురి ఫోటోలు వేశారు. వారిలో ఒకరు అప్పటికే హైదరాబాదులో రెండుసార్లు కోచింగ్ తీసుకుని, మా తరగతిలో పది రోజులు కనిపించిన మనిషి. మిగతా 39 మంది గురించి ఒక్క వాక్యం లేదు. వారిలో నేనూ ఉన్నాను. మరుసటి ఏడాది పాసయ్యాను గనుక ఏ నివేదికలోనూ ఎక్కలేదు!

ఇప్పటి యూజీసీ నెట్‌లో రెండు పేపర్లూ రాసినవారిలో 6 శాతం మందికే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఇస్తారు. ఆ కొలతతో చూస్తే 42 మందిలో ముగ్గురన్నది శిక్షణ లేకపోయినా వచ్చి ఉండగల సంఖ్యే. అందుకే పాసైనవారి పేర్లు పక్కన పెట్టి, మొదటి రోజు హాజరు పట్టిక తీయండి. మధ్యలో మానేసినవారిని కొట్టెయ్యకండి.

తర్వాత పోలిక కావాలి. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువ వచ్చి ఉంటే మీకు అదృష్టం ఉన్నట్టే. కొద్దిలో సీటు తప్పినవారి కాగితాలు ఎక్కడో బీరువాలో ఉంటాయి. చివరి సీట్లు దక్కినవారికీ వీరికీ మార్కుల్లో పెద్ద తేడా ఉండదు. ఈ రెండు రకాలవారూ ఇప్పుడు ఎక్కడున్నారో చూస్తే, కార్యక్రమం నిజంగా ఏమి కలిపిందో కొంత తెలుస్తుంది. ఒక్క ఏడాది లెక్కతో తీర్పు చెప్పకండి. మూడేళ్లదీ కలిపినా చిన్న సంఖ్యే, ఇద్దరు అటూ ఇటూ అయితే శాతం తలకిందులవుతుంది.

మూడేళ్లలో ప్రొఫెసర్లు తయారు కారన్నది కూడా మీ కమిటీకి ముందే చెప్పండి. పీహెచ్‌డీకే కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్ల వరకు గడువు. ఇలాంటి పనికే అమెరికాలో 1986 చట్టంతో ఏర్పడిన మెక్‌నైర్ కార్యక్రమం, డిగ్రీ పూర్తయిన పదేళ్లలోపు ఎందరు డాక్టరేట్ పొందారన్నది ఒక కొలతగా పెట్టుకుంది. మీరు ఈలోపు చూడగలిగినవి చిన్న మెట్లు: పీజీలో చేరారా, పీహెచ్‌డీకి దరఖాస్తు చేశారా, గైడ్ దొరికారా, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఆమోదం పొందిందా, ఫెలోషిప్ డబ్బు చేతికి వచ్చిందా.

ఆ చివరి ప్రశ్నను నేను ఊరికే చేర్చలేదు. ఫోటో వేసిన ముగ్గురిలో నగరి వైపు నుంచి వచ్చిన మిత్రుడికి జేఆర్‌ఎఫ్, అంటే నెట్‌లో పై ర్యాంకులవారికి పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్, కూడా వచ్చింది. పీహెచ్‌డీలో చేరాడు. మొదటి విడత డబ్బు తొమ్మిది నెలలు రాలేదు. మెస్ బిల్లు పెరిగింది, ఇంటికి పంపాల్సింది ఆగింది. సెలవులకని వెళ్లి మర మగ్గాల యజమాని దగ్గర లెక్కలు రాసే పనిలో కుదిరాడు, తిరిగి రాలేదు. నివేదిక లెక్కలో అతను ఇప్పటికీ విజయమే.

నేను పరిశీలకుడిగా ఉన్నప్పుడు పాత విద్యార్థులకు ఫోన్లు చేశాం. మొదట కోఆర్డినేటర్ గారే చేశారు, అందరూ "చాలా ఉపయోగపడింది సార్" అన్నారు. అదే జాబితాకు బయటి మనిషి సాయంత్రం పూట చేస్తే మాటలు మారాయి. "ఏది ఉపయోగపడలేదు?" అని అడగడం నేర్చుకున్నాం. తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అమ్మాయి, పెద్దవాళ్ల ఉపన్యాసాలు ఒక్కటీ గుర్తులేవని చెప్పింది. తన మొదటి సినాప్సిస్‌ను ఒక సీనియర్ రెండు మధ్యాహ్నాలు పక్కన కూర్చుని ఇంగ్లీషులో సరిదిద్దడం మాత్రం గుర్తుందట. ఆ సీనియర్‌కు కార్యక్రమం ఒక్క రూపాయి ఇవ్వలేదు. పెళ్లయి నంబరు మారిన అమ్మాయిలను పట్టుకోవడం కష్టం, కానీ వదిలేస్తే మీ లెక్క అబ్బాయిల లెక్క అవుతుంది. వారి స్నేహితురాళ్ల ద్వారా వెతకండి.

గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెప్పుకునేవారిని ఫలితాల పట్టికలో ఏ గడిలో వేయాలని మేం ముగ్గురం ఒక పూటంతా వాదించుకున్నాం. చివరికి వారికి విడిగా ఒక గడి గీశాం. మీరూ అలాగే చేయండి.

మా నివేదిక చదివాక అక్కడివారు ఉపన్యాసాల ఖర్చులో కొంత తీసి, ఫెలోషిప్ మొదటి విడత కోసం ఎదురుచూసే స్కాలర్లకు వడ్డీలేని చేబదులుగా పెట్టారు. వచ్చాక తిరిగి కట్టాలి. ఎందరు కట్టారో చూడమని వచ్చే వేసవిలో మళ్లీ పిలిచారు.