రైలు తెచ్చిన బీచ్

ప్రశ్న: మాస్టారూ, అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్తున్నాం. ట్రావెల్ ఏజెంటు పట్టాయా అంటున్నాడు. నాన్నగారికి ఆ హడావుడి గిట్టదు. హువా హిన్ అని ఇంకో బీచ్ ఉందట, బాగుంటుందా? అమ్మ శాకాహారి. – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: బాగుంటుందమ్మా. కాకపోతే కారులో కాదు, రైల్లో వెళ్లు. ముప్పై ఏళ్లు స్టేషన్ మాస్టరుగా చేసినవాణ్ణి, ఇంకేం చెబుతాననుకున్నావు! అయినా ఆ ఊరు రైలు పెట్టిన భిక్షే. బ్యాంకాక్‌కి దక్షిణంగా రెండు వందల కిలోమీటర్లలో అదొక జాలరిపల్లె. 1911లో పట్టాలొచ్చాయి, వెనకాలే రాజకుటుంబం దిగింది. రైల్వేకి పెద్ద అయిన రాజకుమారుడు పురఛత్ర 1923లో రైల్వే హోటల్ తెరిపించాడు. మరుసటేడు గోల్ఫ్ మైదానం. మన బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) వాళ్లు పూరీలో హోటల్ కట్టలేదూ, అలాగే.

రైళ్లిప్పుడు పైన కట్టిన కొత్త స్టేషన్లో ఆగుతున్నాయి. కిందికి దిగి పాతది చూడు. ఎరుపూ మీగడ రంగూ వేసిన చెక్క కట్టడం, పక్కనే రాజుగారికి విడిగా వెయిటింగ్ రూము. ప్లాట్‌ఫాం మీది ఇత్తడి గంట చూసి నా చెయ్యి ఊరుకోలేదు. మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది.

థాయ్‌లాండ్ రాజు, ఏడో రామ అనే ప్రజాధిపోక్ ఇక్కడ కట్టుకున్న భవనం పేరు క్లై కంగ్వోన్, అంటే ‘చింతలకు దూరం’. 1932 జూన్ 24న బ్యాంకాక్‌లో తిరుగుబాటు జరిగి నిరంకుశ రాచరికం పోయిందన్న కబురు ఆయనకి హువా హిన్‌లోనే, గోల్ఫ్ ఆడుతుండగా అందింది!

నాకు మాత్రం అంతకన్నా నచ్చింది ఊరికి ఉత్తరాన, చా-అమ్ వైపున్న మృగదాయవన్. సారనాథ్ మృగదావనం పేరే. ప్రజాధిపోక్‌కి ముందటి రాజు, ఆరో రామ 1924లో కట్టించిన టేకు భవనం. స్తంభాల మీద నిలబెట్టారు, గాలి ఎటునుంచైనా దూరుతుంది. వంగి స్తంభాల మొదలు చూడు. చుట్టూ నీళ్లు పోసే గాడి ఉంటుంది, చీమలెక్కకుండా. మన ఇళ్లలో పంచదార డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టమూ? పాపం, రాజుగారు అక్కడ గడిపింది రెండే వేసవులు, 1925లో పోయారు. మరమ్మతుల పేరిట మూసేస్తుంటారు, ముందే కనుక్కుని వెళ్లు.

సముద్రం నీలంగా మెరిసిపోతుందని ఆశపడకు. ఇసుక మెత్తన, నీళ్లు చాలా దూరం లోతుండవు, పెద్దవాళ్లకి అదే మేలు. పాత హోటల్ ముందు నీళ్లలో నల్లటి బండలుంటాయి. హువా అంటే తల, హిన్ అంటే రాయి. ఊరి పేరు అదే.

ఇక అమ్మ సంగతి. అక్కడి కూరల్లో చాలావాటిలో ‘నామ్ ప్లా’ పడుతుంది, చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు, అది వేసేస్తారు. ‘జే’ అనాలి, అంటే పూర్తి శాకాహారం. పసుపు గుడ్డ మీద ఎర్రక్షరాలతో ఆ మాట కట్టిన కొట్టు కనిపిస్తే నిశ్చింతగా కూర్చోండి. జేలో ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు, మా అత్తగారు రెండు పూటలా అక్కడే తిన్నారు. ఖావో తాకియాబ్ కొండకి మాత్రం అరటిపళ్లు పట్టుకెళ్లొద్దు. మా సంచి కోతి పాలైంది, అందులోనే నా కళ్లద్దాలు.