మట్టి కుండీ మీద రంగు పొలుసులుగా లేచిపోతుంటే

సంక్రాంతికి పది మట్టి కుండీలకు ఎనామెల్ వేశానని, ఉగాదికల్లా రంగు పొలుసులు లేచి కింద తెల్లగా బూజులా కనిపిస్తోందని రాశారు. కంపెనీ మారిస్తే సరిపోతుందా అని అడిగారు. ఏ కంపెనీది వేసినా ఇదే కథండీ. నాలుగేళ్ల కిందట మా డాబా మీద పదహారు కుండీలకు నేనూ ఇలాగే వేసి, వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను. ఎండలు ముదిరేసరికి గోరు పెట్టి లాగితే చాలు, అరచేయంత ముక్క ఊడొచ్చేది. తిప్పి చూస్తే వెనక వైపు తడి.

అంతా ఆ తడితోనే వచ్చింది. తాగే కుండలో నీళ్లు చల్లబడేది దాని గోడలోంచి తేమ ఊరి ఆవిరైపోతుంది కాబట్టే కదా, పూలకుండీ కూడా అంతే. ఎనామెల్ ఎండాక ప్లాస్టిక్ తొడుగులా బిగుసుకుంటుంది. లోపలి తేమకు దారి లేక రంగును వెనక నుంచి నెడుతుంది. ముందు చిన్న బొబ్బ, తర్వాత పగులు, ఆపైన పొలుసు. తెల్లగా ఉన్నది చాలావరకు ఉప్పే. బోరు నీళ్లలోదీ ఎరువులోదీ నీళ్లతోపాటు గోడలోకి చేరి, నీళ్లు ఆవిరయ్యాక పైన మిగిలిపోతుంది.

ముందు పాత రంగు తీసేయాలి. పొడిగా గీకకండి, దుమ్ము లేస్తుంది; తడిపి ఉప్పుకాగితంతో రుద్దండి. ముఖ్యంగా అటక మీద ఎప్పటిదో మిగిలిన డబ్బా వాడి ఉంటే. ఇళ్ల రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాలో ఎంత ఉందో చెప్పలేం. ఆకుకూరల కుండీలైతే మరీ జాగ్రత్త. తెల్లమచ్చలకు ఒక వంతు వెనిగర్, నాలుగు వంతుల నీళ్లు కలిపి కొబ్బరి పీచుతో తోమి, బాగా కడిగేయండి.

తర్వాత ఆరబెట్టడం. మనం తొందరపడేది ఇక్కడే. పైకి ఎండినట్టే ఉంటుంది, గోడ లోపల తడి అలాగే ఉంటుంది. నేను చేసేదేమిటంటే, చిన్న పాలిథిన్ ముక్కను కుండీ గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి గంటసేపు ఎండలో పెడతాను. కవరు లోపల సన్నటి బిందువులు పట్టాయా, ఇంకో రెండు రోజులు ఆగాల్సిందే. మొక్క పెంచిన పాత కుండీకి మాకు వారం దాకా పట్టింది. కొత్తదానికి రెండు మూడు రోజులు చాలు.

రంగుకు ఎనామెల్ వద్దు, బయటి గోడలకు వేసే ఎమల్షన్ (నీళ్లలో కలిసే రంగు) తెచ్చుకోండి. మొదటి పూత నీళ్లు కలిపి పల్చగా, అది ఆరాక రెండోది. 200 మి.లీ. డబ్బాతో నాకు ఎనిమిది అంగుళాల కుండీలు ఐదారు వచ్చాయి.

లోపల కూడా వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే తడి గోడలోకే రాదని చాలామంది చెబుతారు. నిజమే, రంగు నిలుస్తుంది. నేనూ వేశాను. కాకపోతే నీళ్లు మాత్రం పాత అలవాటు ప్రకారం రోజూ పోసుకుంటూ పోయాను. గోడలోంచి పోవాల్సిన తడి లోపలే ఉండిపోయి మూడు చామంతులు వేళ్లు కుళ్లి చచ్చాయి. లోపల పూత వేస్తే వేలు పెట్టి చూసి, మన్ను ఆరితేనే పోయాలి. అడుగు చిల్లు పూతతో మూసుకుపోకుండా చూసుకోండి.

ఇప్పుడు నేను కుండీ మొత్తానికి రంగు వేయడమే మానేశాను. అంచు కింద నాలుగు వేళ్ల వెడల్పున పట్టీ, దాని మీద తెల్లటి చుక్కలు, లతలు. కింద మట్టి మట్టిలాగే ఉంటుంది, తడికి దారీ ఉంటుంది. పైగా మట్టి ఎరుపు మీద తెలుపు ఎంత బాగుంటుందో! దాన్ని నీలం రంగుతో కప్పేయడం నాకైతే మనసొప్పదు. గుమ్మం దగ్గర నిండా రంగున్న కుండీయే కావాలంటే దానికి ఒక ఉపాయం ఉంది. మొక్కను చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని రంగు వేసిన కుండీలో దింపండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పోయాలి.

తులసి కుండీకి మాత్రం మా అత్తయ్య రంగు డబ్బా దగ్గరికి రానివ్వరు. జాజు నానబెట్టి గుడ్డతో పూస్తారు, తడి ఆరాక సుద్దముగ్గు. వానకు కారిపోతుంది, పండక్కి మళ్లీ పూస్తారు. ఇన్నేళ్లలో దాని మీద ఒక్క బొబ్బ చూడలేదు నేను.