క్యాంపుకు పో చెల్లె, కాని ముందుగాల ఊరోళ్లను అడుగుండ్రి

ప్రశ్న: అక్కా, నేను హన్మకొండల డిగ్రీ సెకండియర్. మార్చిల మా కాలేజి ఎన్‌ఎస్‌ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీం) వాళ్లు వారం రోజులు ములుగు దిక్కు ఒక ఊరికి క్యాంపు పెడుతున్నరు. మా పెదనాన్న కొడుకు అమెరికాల ఎమ్మెస్ చదువుతుండు, అక్కడ స్ప్రింగ్ బ్రేక్ అనే కాలేజీ సెలవుల్ల ఇండ్లు కట్టనీకి పోయొచ్చిన అన్నడు. మా నాన్నేమో సర్టిఫికెట్ కోసం ఎండల తిరుగుడెందుకు అంటుండు. మేం పోతే ఊరోళ్లకు నిజంగ ఏమన్న పనికొస్తదా?

జవాబు: చెల్లె, నువ్వు అడిగిన ప్రశ్న మేం మా రోజుల్ల అడగలె, అడిగుంటే బాగుండు. మేం కూడ మార్చిలనే పోయినం, ఊరి బడి చుట్టు మొక్కలు పెట్టినం, ఫొటోలు దిగినం, వచ్చేసినం. ఏప్రిల్ ఎండలకు నీళ్లెవరు పోస్తరు? తర్వాత అటు పోయినప్పుడు చూస్తె ఒక్క మొక్క లేదు, ఎండిన పుల్లలు, చుట్టు మేం తవ్విన పాదులు. ఆ పాదులు చూసినప్పుడు మస్తు బాధైంది.

మీ అన్న చేసింది మంచి పనే. హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ 1989 నుంచి అక్కడి కాలేజీ పిల్లలను సెలవుల్ల ఇండ్ల పనికి తీసుకుపోతది, 2005ల కత్రినా తుఫాను వచ్చినంక న్యూ ఆర్లీన్స్‌కు చాన మంది స్టూడెంట్స్ స్ప్రింగ్ బ్రేక్‌ల పోయి బురద నిండిన ఇండ్లు ఖాళీ చేసిండ్రు. అక్కడ పని ఏందో ఆ ఇంటోళ్లకు తెలుసు, పిల్లలకు తెలుసు. మన దగ్గర ఊరిని అడగకుండనే ప్రోగ్రాం షీట్ తయారైతది, గదే నాకు నచ్చదు.

మార్చి అంటే మిర్చి టైం, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు పోతుంటయ్, ఆడోళ్లు పొద్దుగాలనే మిర్చి ఏరనీకి పోతే మల్ల పొద్దుగూకినంకనే వస్తరు. మీరు పదకొండు గంటలకు ర్యాలీ తీస్తే ఎవరు చూస్తరు చెప్పు. మీటింగ్ ఏదున్నా రాత్రి అన్నాలు తిన్నంక పెట్టుండ్రి. క్యాంపుకు వారం ముందుగాల ఇద్దరు ముగ్గురు పోయి ఆశా వర్కర్‌ను, అంగన్‌వాడీ టీచర్‌ను, బడి సార్‌ను కలిసి ఏం కావాలె అని అడుగుండ్రి.

మా క్యాంపుల నాకు యాదికున్నది ఒకటే. ఒక అవ్వ చెంగుల కట్టుకున్న పాలిథిన్ కవర్ విప్పి బ్యాంకు పాస్‌బుక్ చేతికిచ్చి "బిడ్డా, పించిన్ పడ్డదా సూడు" అన్నది. చదివి చెప్పిన, ఇంకోసారి చదువుమన్నది, మల్ల చదివిన. తెల్లారి ఆమె వెంబడి ఇంకో నలుగురు వచ్చిండ్రు, ఒకామె ఆధార్‌ల పేరు తప్పు పడ్డదని, ఒకాయన మందుల చీటీ పట్టుకొని. మొక్కల కన్న ఆ అరుగు మీద కూసొని చేసిందే పనికొచ్చింది. రోజూ సాయంత్రం ఒక గంట దానికే పెట్టుమని మీ ప్రోగ్రాం ఆఫీసర్‌ను అడుగు.

నాన్నకు ఈ మాట చెప్పు, ఎన్‌ఎస్‌ఎస్ 1969ల గాంధీ శతజయంతి ఏడాది 37 యూనివర్సిటీలల్ల మొదలైంది, సర్టిఫికెట్ ఒక్క క్యాంపుతోని రాదు, రెండేండ్లల్ల 240 గంటల పని కూడ చేయాలె. ఆయనకు లోపల వేరే భయం ఉండొచ్చు, ఆడపిల్ల కదా. మీతోని లేడీ లెక్చరర్ రాత్రి కూడ ఉంటరా, పండుకునే గదికి గడియ ఉన్నదా, బాత్రూంల నీళ్లొస్తయా, ఇవన్ని కనుక్కొని మేడంతోనే నాన్నకు ఫోన్ చేపియ్యి.

ఇంకోటి, మొక్కలు పెట్టాలనుంటె వానలు పడ్డంక జూన్ ఆఖర్ల ఒక ఆదివారం మల్ల అదే ఊరికి పోండ్రి, బస్సుల పొద్దుగాల పోతే సాయంత్రానికి వచ్చేయొచ్చు.